నాయనమ్మ కోసం మడిచే బంగారు కాగితాలు

శ్రోతలకు నమస్కారం.

సింగపూర్‌లో ఉండే తెలుగువాళ్లకి ఇది బాగా అలవాటైన దృశ్యం. హెచ్‌డీబీ బ్లాకు, అంటే ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్ల భవనం, కింద ఖాళీగా ఉండే జాగాలో, అంటే వాయిడ్ డెక్‌లో, రాత్రికి రాత్రి గుడ్డలు కట్టేసి ఉంటాయి. గుండ్రటి బల్లలు, ప్లాస్టిక్ కుర్చీలు, అగరొత్తుల పొగ, పూల మధ్య ఒక పెద్దావిడ ఫొటో. మనం తల వంచుకుని లిఫ్టు వైపు నడిచిపోతాం. అక్కడ ఏం చేస్తున్నారో అడగాలంటే మొహమాటం. ఇవాళ ఆ సంగతులే మాట్లాడుకుందాం. ముఖ్యంగా నాయనమ్మో తాతయ్యో పోతే చైనీస్ ఇళ్లలో మనవలు, మనవరాళ్లు ఏం చేస్తారన్నది.

ఒక మాట ముందే చెప్పాలి. హొక్కియెన్, టియోచ్యూ, కాంటనీస్ అని వేర్వేరు చైనీస్ యాసలు మాట్లాడే వర్గాలున్నాయి, వాళ్ల పద్ధతుల మధ్య తేడాలున్నాయి. చైనాలో పుట్టిన తావో మత సంప్రదాయం వాళ్లు ఒకలా చేస్తారు, బౌద్ధులు ఒకలా చేస్తారు. క్రైస్తవులైన చైనీస్ కుటుంబాల్లో చాలామంది అగరొత్తులు పట్టుకోరు. నేను చెప్పేది ఎక్కువగా తావో, బౌద్ధం కలిసిపోయిన ఇళ్ల గురించి.

నన్ను ఎంతో ఆకట్టుకున్న విషయం ఏమిటంటే, అక్కడ మనవలకు ఊరికే కూర్చునే వీలుండదు. ప్రతి ఒక్కరికీ ఒక స్థానం, ఒక పని ఉంటాయి. చొక్కా చేతికి చిన్న చదరపు గుడ్డముక్క పెట్టుకుంటారు. పోయినవారు మగవారైతే ఎడమ చేతికి, ఆడవారైతే కుడి చేతికి. కొడుకులు, కూతుళ్లది ఒక రంగు, మనవలది ఇంకో రంగు. మనవలకు చాలాచోట్ల నీలం. వచ్చినవాళ్లు ఆ గుడ్డముక్క చూసి ఎవరు ఏ తరమో పోల్చుకోగలరు. హొక్కియెన్ వాళ్లలో పెద్ద మనవణ్ణి ఆఖరి కొడుకుతో సమానంగా లెక్కిస్తారు. అందుకే ఆ పిల్లవాడు కొడుకుల వరుసలోనే నిలబడతాడు.

గుమ్మం దగ్గర కాగితపు లాంతరు మీద ఇంటిపేరు, వయసు రాస్తారు. వయసుకు మూడేళ్లు కలపడం ఆనవాయితీ. ఆకాశానికి ఒకటి, భూమికి ఒకటి, మనిషికి ఒకటి. ఎనభై దాటి, మునిమనవల్ని చూసి పోయినవారైతే దాన్ని మంగళకరమైన చావుగానే భావిస్తారు. అలాంటప్పుడు తెల్ల లాంతరు బదులు ఎర్ర లాంతరు కడతారు. నిండు జీవితం గడిపారని నలుగురికీ చెప్పుకోవడం అన్నమాట. మనవాళ్లూ అంటారుగా, పండు రాలినట్టు వెళ్లిపోయిందని.

ఇక కాగితాలు మడవడం. బంగారు, వెండి పూత పూసిన చదరపు కాగితాల్ని పాతకాలపు చైనా బంగారు కడ్డీల ఆకారంలో మడుస్తారు. అవి కాలిస్తే అవతలి లోకంలో నాయనమ్మకు ధనంగా చేరతాయని నమ్మకం. కాగితపు ఇల్లు, కారు, పనివాళ్ల బొమ్మలు కూడా కాలుస్తారు. ఇళ్లూ కార్లూ కొనుక్కుని తెస్తారు గానీ కడ్డీలు మాత్రం చాలా కుటుంబాలు చేత్తోనే మడుస్తాయి. మూడు, ఐదు, ఏడు ఇలా బేసి సంఖ్య రోజులు మృతదేహాన్ని ఉంచుతారు, రాత్రిళ్లు ఒంటరిగా వదలరు. తెల్లవార్లూ మేలుకోవాలి కాబట్టి పెద్దవాళ్లు పేకాడతారు, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంటారు. పిల్లలు కాగితాలు మడుస్తారు. మొదటిసారి చూసినప్పుడు పేకాట కొంచెం ఎబ్బెట్టుగా అనిపించవచ్చు. కానీ ఏడాదంతా ఫోన్లోనే పలకరించుకునే అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు ఆ రాత్రంతా ఒక బల్ల చుట్టూ ఉంటారు. నాయనమ్మ ఏ వంట ఎలా చేసేదో, ఎవరిని ఎక్కువ ముద్దు చేసేదో అక్కడే మాటల్లోకి వస్తుంది. నాకైతే ఆ కార్యక్రమం మొత్తంలో ఇదే అసలు నివాళి అనిపిస్తుంది.

ఈ పట్టింపు వెనుక చాలా పాత ఆలోచన ఉంది. తల్లిదండ్రులు పోతే మూడేళ్ల సంతాపం ఎందుకు, ఒక ఏడాది చాలదా అని ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్‌ను ఒక శిష్యుడు అడిగాడట. బిడ్డ పుట్టాక మూడేళ్లకు గాని తల్లిదండ్రుల చేతుల్లోంచి దిగడు కదా అన్నాడాయన. పాత శాస్త్రంలో సంతాపానికి ఐదు అంతస్తులుండేవి. నాయనమ్మ, తాతలకు ఏడాది. అమ్మమ్మ, ఆవిడ భర్తకు ఐదు నెలలే. ఈ తేడా నాకు అన్యాయంగా తోస్తుంది. ఇవాళ ఎంతోమంది పిల్లలు అమ్మమ్మ చేతుల్లోనే పెరుగుతున్నారు మరి.

లీ మీ అనే ఆయన కథ చెప్పాలి. క్రీ.శ. 3వ శతాబ్దం. ఆరు నెలల వయసులో తండ్రి పోయాడు, నాలుగేళ్లప్పుడు తల్లికి మళ్లీ పెళ్లయింది. నాయనమ్మే పెంచింది. జిన్ వంశపు చక్రవర్తి కొలువుకు పిలిస్తే ఆయన రాలేనని ఉత్తరం రాశాడు. తన వయసు 44, నాయనమ్మకు 96. చక్రవర్తికి సేవ చేయడానికి చాలా కాలముంది, నాయనమ్మ రుణం తీర్చుకోవడానికి మిగిలింది కొద్ది రోజులే అన్నాడు. చక్రవర్తి ఒప్పుకున్నాడు. ఆవిడ పోయి, సంతాప కాలం పూర్తయ్యాకే లీ మీ ఉద్యోగంలో చేరాడు. చైనీస్ పిల్లలు ఆ ఉత్తరాన్ని నేటికీ చదువుకుంటారు.

సింగపూర్‌లో స్థలం తక్కువ. చువా చు కాంగ్ శ్మశానంలో పూడ్చినా 15 ఏళ్లకే తవ్వి తీస్తారు. అందుకే ఎక్కువమంది దహనమే చేస్తారు. పెట్టెను వాహనంలోకి ఎక్కించేటప్పుడు కుటుంబసభ్యులు వెనక్కి తిరిగి నిలబడతారు. తర్వాత వాహనం మీద చేయి ఆనించి కొంత దూరం వెంట నడుస్తారు. దహనం తర్వాత అస్థికల్ని చాప్‌స్టిక్స్‌తో ఏరి పాత్రలో వేస్తారు. ముందు పాదాల ఎముకలు, చివరికి, అన్నిటికన్నా పైన, తలవి. లోపల కూడా మనిషి తలకిందులు కాకుండా తిన్నగా ఉండాలని. మన అస్థి సంచయనం తెలిసినవాళ్లకు ఇది వింతగా ఏమీ అనిపించదు.

ఆ తర్వాత ఏడేసి రోజులకొకసారి, ఏడు వారాలు, 49 రోజులు కర్మలు. ఏడో రోజు రాత్రి ఆత్మ ఇల్లు చూసుకోవడానికి వస్తుందని నమ్మేవాళ్లు ఇష్టమైన పదార్థాలు వండిపెడతారు. కొందరు గడప దగ్గర నేల మీద పిండి చల్లి, పొద్దున్నే అడుగుజాడల కోసం వెతుకుతారు.

మీ పొరుగింట్లో ఇలాంటిది జరిగితే తప్పకుండా వెళ్లండి. ఎరుపు బట్టలు వద్దు. తెల్ల కవరులో బేసి సంఖ్య వచ్చేలా డబ్బు పెట్టి ఇవ్వండి. వాళ్లకు శుభానికి సరి సంఖ్య, దుఃఖానికి బేసి. ఫొటో ముందు వంగి నమస్కరిస్తే చాలు. ఎర్ర దారమో, చాక్లెట్టో ఇస్తే తీసుకోండి, అశుభం అంటకుండా ఇచ్చేది అది. వచ్చేటప్పుడు “వెళ్లొస్తాం” అనకూడదని వాళ్లకూ ఉంది, మనకూ ఉంది. కాసేపు కూర్చుని, మీ నాయనమ్మ ఎలాంటి మనిషి అని ఆ పిల్లల్ని అడగండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది.

సెలవు.