టీవీ విలేకరి కావాలంటే: ఫోన్-ఇన్ కార్యక్రమం, విశాఖపట్నం

సంధానకర్త: నమస్కారం. టీవీ వార్తల్లో పనిచేయాలంటే బడి రోజుల నుంచి ఏం నేర్చుకోవాలన్నది ఈ రోజు విషయం. రిపోర్టర్లకు శిక్షణనిచ్చే సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్ గాజువాక నుంచి. చెప్పండమ్మా.

గాజువాక: నమస్కారం బాబూ. మా పాప తొమ్మిదో తరగతి. అన్నం తింటూ కూడా దువ్వెన మైకులా పట్టుకుని వార్తలు చదివేస్తాది. వాళ్ల నాన్నది షిఫ్టు డ్యూటీ, పగలు పడుకోనీదు. ఇంగ్లీషు మీడియం, తెలుగు పేపరిస్తే తడబడతాది. మొన్నెవరో యాంకరింగ్ కోర్సన్నారు. మూడు నెలలకి నలభై వేలు, అవ్వగానే చానల్లో ఉద్యోగమేనంట. కట్టమంటారా?

నిపుణుడు: కట్టకండమ్మా. ఉద్యోగం ఇప్పిస్తామని, మైకుకి తగిలించే చానల్ లోగో ఇస్తామని డబ్బడిగేవాళ్ల జోలికి వెళ్లొద్దు. పాపకిప్పుడు కావాల్సింది తెలుగు. రోజూ పేపర్లో ఒక్క వార్త గట్టిగా చదివించండి. ఫోన్లో రికార్డు చేసి తనకే వినిపించండి. 'విశాఖ' కాస్తా 'విసాక' అవుతోందా, 'శాసనసభ' 'సాసనసభ' అవుతోందా చూడండి. 'ఫలితం' అన్నప్పుడు ఫ్యాన్లో ఫ పలికిస్తారు ఈ పిల్లలు. అది ప కింద ఒత్తు. పెదాలు కలవాలి. పై పళ్లు కింది పెదవికి తగిలాయంటే తప్పు.

గాజువాక: అలాగే బాబూ. మరి మన యాస? మా అమ్మగారిది శ్రీకాకుళం. పాప కూడా 'ఏటి' అనేస్తాది...

నిపుణుడు: అననివ్వండి. ఫిషింగ్ హార్బర్లో బోటు దిగిన మనిషితో పుస్తకం భాషలో మాట్లాడితే ఆయన నోరు విప్పడు. బులెటిన్‌కి అందరికీ తెలిసే మాట, జనంతో మన మాట, రెండూ రావాలి. ఇంకోటి. వార్త చదివాక పేపరు మూసేసి నాలుగు సంగతులు చెప్పమనండి. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, ఆ మాట ఎవరు చెప్పారు. నాలుగోదే అందరూ వదిలేస్తారు. రిపోర్టర్ పనంతా ఆ నాలుగోదాని చుట్టూనే ఉంటుంది.

గాజువాక: ఇంటర్లో ఏ గ్రూపు బాబూ? ఆ నలభై వేలు వాయిదాల్లో ఇచ్చినా పర్లేదన్నారు...

నిపుణుడు: అమ్మా, వాయిదాల్లోనూ వద్దు! గ్రూపు ఏదైనా ఫర్వాలేదు. సివిక్స్, ఎకనామిక్స్ చదివితే రేపు మన నగరపాలక సంస్థ జీవీఎంసీ బడ్జెట్ కాగితాలు చేతికొచ్చినప్పుడు బెదరదు. ముందు డిగ్రీ పూర్తవనివ్వండి. ఆపైన మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే జర్నలిజం పీజీ ఉంది. ఢిల్లీ పంపగలిగితే ఐఐఎంసీ అనే జర్నలిజం సంస్థ ఉంది, 1965 నుంచి నడుస్తోంది.

గాజువాక: పాప కొంచెం చామనఛాయ బాబూ...

నిపుణుడు: ఆ మాట పాప ముందు ఎన్నడూ అనకండి. రైల్వే వంతెన కింద వాన నీళ్లు నిలిస్తే ఎంత లోతు, ఎప్పటి నుంచి, బస్సులు ఎటు మళ్లించారు, ఇవి చెప్పే మనిషి కావాలి జనానికి.

సంధానకర్త: ధన్యవాదాలమ్మా. భీమిలి నుంచి.

భీమిలి: సార్, డిగ్రీ ఫైనలియర్. బీచ్‌లో ఫోన్‌తో పీటీసీలు, అదే కెమెరాకేసి చూస్తూ వార్త చెప్పే ముక్కలు, తీస్తున్నా. మొహం నల్లగా పడుతోంది, గాలి హోరు.

నిపుణుడు: పొద్దున్నే తీస్తున్నారా?

భీమిలి: అవును సార్.

నిపుణుడు: మన సముద్రం తూర్పున ఉంది కదా. పొద్దున సముద్రాన్ని వెనక పెట్టుకుంటే ఎండ నేరుగా లెన్సులో పడుతుంది, మొహం చీకటైపోతుంది. సముద్రం కావాలంటే సాయంత్రం తీయండి. కాలర్ మైకు వాడి, దానికి బొచ్చు తొడుగు వేయండి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలి. దూరం నుంచి వైడ్, మధ్యస్థంగా మిడ్, దగ్గర్నుంచి క్లోజప్, ఒక్కోటి పది సెకన్లు కదలకుండా. అటూ ఇటూ తిప్పుతూ తీసుకొస్తే ఎడిటర్‌కి కోసుకోడానికి ఒక్క ముక్క దొరకదు. బైట్‌కి, అంటే ఎవరైనా కెమెరా ముందు చెప్పే మాటకి, ముందు పేరు, హోదా ఆ మనిషి నోటే చెప్పించి రికార్డు చేసుకోండి. తెర మీద పేర్లు తప్పు పడేది అది చేయకే. చివర్లో అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా అక్కడి చప్పుడు తీసుకోండి, విజువల్స్ మీద మీరు చదివే వాయిస్ ఓవర్ కింద పనికొస్తుంది. పీటీసీలో మాత్రం విజువల్‌లో కనిపించేదే మళ్లీ చెప్పకండి.

సంధానకర్త: అనకాపల్లి.

అనకాపల్లి: స్ట్రింగర్‌గా, అదే వార్తకింతని తీసుకునే రిపోర్టర్‌గా, రమ్మంటున్నారండి. డిపాజిట్ కట్టి, యాడ్లు తేవాలంట.

నిపుణుడు: మళ్లీ అదే! లోగో కొనుక్కోవద్దు. ఈ రోజు యాడ్ అడిగిన మనిషి మీద రేపు వార్త ఎలా ఇస్తారు? వార్తకెంత, పెట్రోలుకెంత, బీమా ఉందా, కాగితం మీద రాయించుకోండి. చానల్ ఐడీ కార్డు వేరు, అక్రిడిటేషన్, అంటే విలేకరికి ప్రభుత్వ గుర్తింపు, వేరు. అది ఇచ్చేది సమాచార శాఖ.

సంధానకర్త: మద్దిలపాలెం.

మద్దిలపాలెం: పోక్సో కేసులో, అదే పిల్లల మీద లైంగిక నేరాల కేసులో, పాప మొహం బ్లర్ చేస్తే సరిపోతుందా సార్?

నిపుణుడు: సరిపోదు. ఆ చట్టం 23వ సెక్షన్ చదవండి. పేరు, ఫొటో, చిరునామా, కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, గుర్తుపట్టేందుకు వీలిచ్చేది ఏదీ రాకూడదు. మొహం బ్లర్ చేసి వెనక టైలర్ షాపు బోర్డు వదిలేస్తే వీధి మొత్తానికి తెలిసిపోతుంది. తల్లి గొంతు వినిపించినా అంతే. ఆ ఇంటి ముందు లైవ్ పెట్టనే వద్దు.

మద్దిలపాలెం: పోలీసులే పేరు చెప్పేస్తే?

నిపుణుడు: చెప్పినా వేయకూడదు.

సంధానకర్త: చివరి కాల్... గాజువాక అమ్మగారే మళ్లీ.

గాజువాక: ఫ అన్నారు కదా బాబూ, పళ్లు తగలాలా, పెదాలు కలవాలా?

నిపుణుడు: పెదాలమ్మా. అద్దం ముందు నిలబెట్టి 'ఫలితం, సఫలం, ఫలహారం' అనిపించండి. పళ్లు పెదవి మీదికొస్తే ఆపి మళ్లీ మొదటి నుంచి.

సంధానకర్త: సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్.