నాలుగు రజతాలు, ఒక స్వర్ణం: కేథరిన్ గ్రెయింజర్ కెరీర్ రివ్యూ

నమస్తే అండీ, విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈరోజు రివ్యూ ఒక క్రీడాకారిణి కెరీర్ మొత్తం మీద. పేరు కేథరిన్ గ్రెయింజర్. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1975లో పుట్టారు. బ్రిటన్ తరఫున రోయింగ్, అంటే తెడ్లతో నడిపే పడవ పందేలు, చేశారు. 2000 సిడ్నీ నుంచి 2016 రియో దాకా వరసగా ఐదు ఒలింపిక్స్‌కి వెళ్లి, ఐదింటిలోనూ పతకం తెచ్చారు. నాలుగు రజతాలు, ఒక స్వర్ణం. బ్రిటిష్ మహిళల్లో అంతకు ముందు ఎవరూ వరసగా ఐదు ఒలింపిక్స్‌లో పతకాలు గెలవలేదు.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. అందరూ ఆవిడ లండన్ స్వర్ణం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం రియోలో రెండో స్థానం వచ్చిన రేసే అన్నిటికన్నా పెద్దది. పరీక్షల రిజల్ట్స్ వచ్చిన రోజున బెంజ్ సర్కిల్ చుట్టూ హోర్డింగులు చూసేవాళ్లం మనం. రెండో ర్యాంకు తెచ్చుకున్న పిల్లని పట్టుకుని, "ఫస్ట్ ఎవరికొచ్చిందమ్మా?" అని అడుగుతాం. అందుకే ఈ కెరీర్ గురించి మన ఊళ్లో మాట్లాడాలనిపించింది.

ముందు ఆట సంగతి కొంచెం. ఒలింపిక్ రేసు దూరం 2000 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1223 మీటర్లు. అంటే సీతానగరం వైపు నుంచి విజయవాడ వైపుకి వచ్చి, మళ్లీ వెనక్కి తిరిగి సగం దాటి వెళ్లినంత. ఇద్దరు అమ్మాయిలు కూర్చునే డబుల్ స్కల్స్ పడవలో ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు ఉంటాయి. సీటు పట్టాల మీద ముందుకీ వెనక్కీ జారుతుంది. చూడ్డానికి చేతులతో లాగుతున్నట్టుంటుంది గానీ, అసలు బలమంతా కాళ్లదే. మోకాళ్లు మడిచి, పాదాలతో గట్టిగా తన్నితేనే పడవ కదులుతుంది.

ఇంకో విషయం ఉంది, దీన్ని గుర్తుపెట్టుకోండి. రోయర్లు వెళ్లే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ముందున్నవాళ్లకి వెనక వచ్చే పడవలన్నీ కళ్ల ముందే కనిపిస్తుంటాయి. వెనకబడ్డవాళ్లకి తల తిప్పితే తప్ప ముందున్న పడవ కనిపించదు. ఆధిక్యంలో ఉన్నవాళ్లు, తమని పట్టుకోవడానికి వస్తున్నవాళ్లని ఆఖరి గజం దాకా చూస్తూనే ఉండాలి.

గ్రెయింజర్ చిన్నప్పటి నుంచి తెడ్డు పట్టినవారు కాదు. ఎడిన్‌బరా యూనివర్సిటీలో లా చదవడానికి వెళ్లి, అక్కడ 1993లో మొదలుపెట్టారు. ఏడేళ్లు తిరిగేసరికి సిడ్నీ ఒలింపిక్స్‌లో నలుగురి పడవలో ఉన్నారు. ఫైనల్లో జర్మనీ గెలిచింది. రెండో స్థానం బ్రిటన్‌దా, రష్యాదా అన్నది ఫొటో ఫినిష్‌లో తేలింది. తేడా సెకనులో నూరో వంతు. ఒలింపిక్ రోయింగ్‌లో బ్రిటిష్ మహిళలకి వచ్చిన మొట్టమొదటి పతకం అదే. అసలు ఆడవాళ్ల రోయింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1976లో. 1984 దాకా వాళ్లకి 1000 మీటర్లే. 1988 నుంచి మగవాళ్లతో సమానంగా 2000 చేశారు. కాబట్టి సిడ్నీ రజతం అంటే పండగే.

2004 ఏథెన్స్‌లో పడవ మారింది. క్యాథ్ బిషప్‌తో జోడీ, ఒక్కొక్కరికి ఒకే తెడ్డు. 2003లో ఇద్దరూ ప్రపంచ చాంపియన్లు. ఏథెన్స్‌లో రొమేనియా ముందుకెళ్లింది, మళ్లీ రజతం.

ఇక బీజింగ్, 2008. ఇక్కడ కాసేపు ఆగాలి. నలుగురి పడవలో బ్రిటన్ 2005, 2006, 2007 మూడేళ్లూ ప్రపంచ చాంపియన్. 2006లో నిజానికి రష్యా ముందు వచ్చింది, తర్వాత డోపింగ్‌లో దొరికిపోవడంతో ఆ స్వర్ణం బ్రిటన్‌కి మారింది. ఇలాంటి రికార్డుతో వెళ్లినప్పుడు స్వర్ణం మీదే అని అందరూ ముందే రాసేస్తారు. ఆ టెన్షన్ ఎంతుంటుందో ఊహించండి. ఫైనల్లో చాలా దూరం బ్రిటనే ముందుంది. చివర్లో చైనా అమ్మాయిలు అందుకుని దాటేశారు. తేడా సెకనున్నర కూడా లేదు. ఇందాక చెప్పింది గుర్తు చేసుకోండి: ఆ పడవ దగ్గరకు రావడం వీళ్లు స్ట్రోకు స్ట్రోకుకీ చూస్తూనే ఉన్నారు. పోడియం మీద నలుగురూ ఏడ్చారు. ఒలింపిక్ రజతం మెడలో వేసుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు నిలబడ్డారు. సిడ్నీలో పండగ చేసిన అదే రంగు పతకం అది. అప్పటికి గ్రెయింజర్‌కి 32 ఏళ్లు, మూడు ఒలింపిక్స్, మూడు రజతాలు.

అక్కడ ఆపేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆవిడ ఆపలేదు. 2009లో ఒంటరి పడవలో ప్రపంచ రజతం తెచ్చారు. 2010లో ఆనా వాట్కిన్స్‌తో కలిశారు. ఈ జోడీ గురించి ఎంత చెప్పినా తక్కువే. 2010, 2011 ప్రపంచ టైటిళ్లు వాళ్లవే, లండన్ దాకా ఒక్క రేసూ ఓడలేదు. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. వాట్కిన్స్ అప్పుడు గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నారు. గ్రెయింజర్ కింగ్స్ కాలేజ్ లండన్‌లో హత్య కేసుల శిక్షల మీద పీహెచ్‌డీ చేస్తున్నారు, 2013లో పట్టా అందుకున్నారు. మన దగ్గర టెన్త్ అవ్వగానే ఆటా, చదువా ఏదో ఒకటి తేల్చుకోమంటాం. కాలేజీలో చేర్చిన రోజే షూస్ అటక మీదకెక్కుతాయి. ఈ మాట తల్లిదండ్రులకి నిష్ఠూరంగా చెప్పడం లేదు, ఫీజులు కట్టే భయం నాకూ తెలుసు. కానీ ప్రపంచంలోనే వేగమైన పడవలో ఉన్న ఇద్దరికీ పక్కన ఒక థీసిస్ ఉందంటే, మన లెక్క ఒకసారి మళ్లీ చూసుకోవాలి.

లండన్ 2012. ఈటన్ డోర్నీ సరస్సు, సొంత జనం. హీట్‌లోనే, అంటే ఫైనల్‌కి ముందు జరిగే తొలి దశ రేసులోనే, 6 నిమిషాల 44.33 సెకన్లతో ఒలింపిక్ రికార్డు సమయం. గంటకి దాదాపు 18 కిలోమీటర్ల వేగం. ఫైనల్లో ఆస్ట్రేలియాని రెండు సెకన్లకు పైగా తేడాతో వెనక్కి నెట్టారు. గొప్ప రేసే, కాదనను. కానీ సందేహం ఎక్కడా లేదు. అప్పటికి రెండేళ్లుగా వాళ్లని ఎవరూ ఓడించలేదు, ఆ రోజూ ఓడించలేకపోయారు. రివ్యూయర్‌గా నాకు అందులో చూడ్డానికి ఆనందమే ఉంది, కొత్తగా తెలిసింది తక్కువ.

రియో అలా కాదు. లండన్ తర్వాత రెండేళ్లు ఆటకి దూరమై, 2014లో తిరిగొచ్చారు. కొత్త జోడీ విక్టోరియా థోర్న్‌లీ. 2015 సీజన్ సరిగ్గా సాగలేదు. 2016లో ఇద్దరినీ విడదీశారు. ఎనిమిది మంది పడవలో చోటు కోసం ప్రయత్నించారు, అక్కడా తీసుకోలేదు. చివరికి మళ్లీ ఈ డబుల్‌లోనే కూర్చోబెట్టారు. ఒలింపిక్ చాంపియన్, ఆరుసార్లు ప్రపంచ విజేత, నలభై ఏళ్ల మనిషి, సెలెక్షన్‌లో కాదనిపించుకుని, ఆ మాట పడి కూడా మళ్లీ తెడ్డు పట్టారు. పతకాల అంచనాల్లో వీళ్ల పేరు గట్టిగా ఎవరూ చెప్పలేదు.

రేసు ముందు రోజు గాలివల్ల పోటీలు వాయిదా పడ్డాయి. ఆగస్టు 11న ఫైనల్. వీళ్లిద్దరూ ముందుకెళ్లిపోయారు! దాదాపు ఆఖరి వరకూ ముందున్నారు. చివరి కొన్ని వందల మీటర్లలో పోలండ్ దాటింది, సెకను కన్నా తక్కువ తేడాతో. బీజింగ్‌లో జరిగిందే మళ్లీ జరిగింది: ముందుండటం, వెనక పడవ దగ్గరకు రావడం చూడటం, రెండో స్థానం. ఈసారి ఇద్దరూ నవ్వుతూ ఒకరినొకరు పట్టుకున్నారు. పతకం రంగు అదే, గెలుపు చేజారిన తీరూ అదే. కొన్ని నెలల కిందట పడవలో చోటే లేని మనిషికి ఆ రజతం విలువ వేరు. ఆ విలువని ఆవిడ ఎవరినీ అడగకుండా తనే కట్టుకున్నారు. అందుకే నా లిస్టులో రియో మొదటిది, బీజింగ్ రెండోది, లండన్ మూడోది. స్వర్ణాన్ని మూడో స్థానంలో పెట్టానని కొందరికి కోపం రావచ్చు, కామెంట్లలో వాదించండి, చదువుతాను.

లోటు ఏమైనా ఉందా అంటే, ఒంటరి పడవలో ఒలింపిక్స్ ఆడలేదు. 2009 చూసినవాళ్లకి ఆ కోరిక మిగిలిపోతుంది.

రియో తర్వాత డేమ్ బిరుదు (మగవాళ్లకి ఇచ్చే 'సర్' లాంటిది), 2017లో బ్రిటన్ క్రీడలకి నిధులిచ్చే సంస్థ యూకే స్పోర్ట్‌లో అధ్యక్ష పదవి, 2024లో బ్రిటిష్ ఒలింపిక్ సంఘం అధ్యక్షురాలిగా ఎన్నిక.

రేసుల వీడియోలు దొరికితే బీజింగ్, రియో రెండూ పక్కపక్కన చూడండి. ఆఖరి 500 మీటర్ల దగ్గర పడవల్ని వదిలేసి, వాళ్ల మొహాలు చూడండి. అన్నట్టు, బ్యారేజీ గేట్లు మూసి ఉన్నప్పుడు భవానీ ద్వీపం దగ్గర కృష్ణ నీళ్లు నిలకడగా ఉంటాయి. ఈ వీడియో చూసేవాళ్లలో పిల్లలకి ఆటలు నేర్పే పీఈటీ మాస్టార్లు, మేడమ్‌లు ఉంటే, అక్కడ మన అమ్మాయిలకి రోయింగ్ నేర్పాలంటే ఏమేం కావాలో నాకు రాయండి. దాని మీదే వచ్చే వీడియో చేస్తాను. ఉంటానండీ.