మా పిన్నికి ఎవరూ చెప్పని పాఠం

ప్రిన్సిపాల్ మేడం గారికి, స్టాఫ్ కి, బస్సులు మారి వచ్చిన ఆశా అక్కయ్యలకి, పిల్లలందరికీ నమస్కారం. సైన్స్ డే కదా మేడం, కణ విభజన మీద మాట్లాడండి అన్నారు. పుస్తకంలో మైటాసిస్ మీకు వచ్చు, బొమ్మలేసి మార్కులు కూడా తెచ్చుకున్నారు, అందుకని నేను ఆ విభజన చెడిపోవడం గురించి చెప్తాను, అదీ ఒక్క చోట, గర్భాశయ ముఖద్వారం దగ్గర.

అక్కడొచ్చే క్యాన్సర్ కి దాదాపు ప్రతి కేసులోనూ కారణం హెచ్‌పీవీ, హ్యూమన్ పాపిలోమా వైరస్. జర్మనీలో హరాల్డ్ జుర్ హాసెన్ టీమ్ 1983లో 16వ రకాన్ని, మరుసటేడు 18వ రకాన్ని ఈ గడ్డల్లో పట్టుకున్నారు, 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది. నూటికి 70 కేసులు ఈ రెండు రకాల వల్లే.

ఈ వైరస్ కి తన డీఎన్ఏని కాపీ చేసుకునే సరంజామా సొంతంగా లేదండీ, మన కణానిదే వాడుకోవాలి. కానీ పై పొరల్లోకి వచ్చిన కణాలు విభజన మానేసి ఉంటాయి, సరంజామా ఆగిపోయి ఉంటుంది. మామూలుగా ఆర్‌బీ అనే ప్రోటీన్, విభజన మొదలుపెట్టించే ఈ2ఎఫ్ అనే ప్రోటీన్ ని ఎద్దుకి ముకుతాడు వేసినట్టు పట్టి ఉంచుతుంది. వైరస్ తయారుచేసే ‘ఈ7’ అనే ప్రోటీన్ వచ్చి ఆ ముకుతాడు తెంపేస్తుంది, కణం మళ్లీ డీఎన్ఏ కాపీలు మొదలెడుతుంది. ఇక్కడేదో తేడాగా ఉందని పీ53 అనే ఇంకో ప్రోటీన్ కనిపెట్టి కణాన్ని ఆపాలి, లేదా చంపేయాలి. వైరస్ దే ఇంకో ప్రోటీన్ ‘ఈ6’ దాన్ని కూడా బతకనివ్వదు, మన కణంలోని ఎంజైమ్ చేతే పీ53ని ముక్కలు చేయిస్తుంది. ఆపేవాళ్లు ఇద్దరూ పోయారు! ఇక మైక్రోస్కోప్ లో చూస్తే క్రోమోజోములు రెండు వైపులకి లాగబడాల్సింది మూడు వైపులకి, నాలుగు వైపులకి లాగబడుతుంటాయి. ఒక కణానికి ఎక్కువ, ఒక కణానికి తక్కువ. తప్పు మీద తప్పు పేరుకుంటుంది. కానీ ఇదంతా ఒక్క రోజులో అయ్యేది కాదు, ఎక్కువమందికి ఒకటి రెండేళ్లలో ఒళ్లే వైరస్ ని వదిలించేస్తుంది, వదలకుండా ఉండిపోయిన వాళ్లలో క్యాన్సర్ దాకా రావడానికి మామూలుగా పది పదిహేనేళ్లు, ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ టైం మాట గుర్తుపెట్టుకోండమ్మా, మళ్లీ వస్తాను దానికి.

హెన్రియెట్టా లాక్స్ సంగతి చెప్పకుండా నేను ముందుకి పోలేను. అమెరికాలో పొగాకు పొలాల్లో పనిచేసిన నల్లజాతి తల్లి, 1951లో బాల్టిమోర్ లో జాన్స్ హాప్కిన్స్ కి రక్తస్రావంతో వెళ్లింది. ముఖద్వారం నుంచి చిన్న ముక్క తీసి, ఆవిడని అడక్కుండానే ల్యాబ్ లో పెంచారు. అదే ఏడాది అక్టోబర్ లో చనిపోయింది, 31 ఏళ్లు. ఆవిడ పేరుతోనే హీలా అని పిలిచే ఆ కణాలు ఇవాళ్టికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి, మన 46 క్రోమోజోములకి బదులు వాటిలో 70, 80 ఉంటాయి. వాటిలో ఉన్నది 18వ రకం హెచ్‌పీవీ. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ కణాల్లో ఈ6, ఈ7లని ఆపి చూశారు, పీ53 తిరిగొచ్చింది, విభజన ఆగిపోయింది! అన్నేళ్ల తర్వాత కూడా ఆ కణాలు ఆ రెండు ప్రోటీన్ల మీదే బతుకుతున్నాయి. ఇది చదివిన ప్రతిసారీ నాకు మా పిన్ని గుర్తొస్తుంది.

ముట్లు ఆగిపోయాక పిన్నికి మళ్లీ రక్తం కనపడింది. వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు తాగించారు. వాసన మొదలయ్యాక చాప వసారాలోకి మారింది, ఏం పాపం చేసిందో అన్నవాళ్లున్నారు. ఆవిడ బాబాయి తప్ప వేరే మనిషిని ఎరగదు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లేసరికి నాలుగో స్టేజి. వైరస్ అన్న మాట ఆవిడకి ఒక్కరూ చెప్పలేదండీ, నాకు దాని మీదే కోపం.

చెప్పకుండా చేస్తే ఏమవుతుందో మన ఖమ్మం జిల్లా చూసింది. 2009లో గిరిజన హాస్టళ్ల పిల్లలకి ఈ వైరస్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు, తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో ప్రోగ్రాం ఆపేశారు. ఆ మరణాలకి టీకాతో సంబంధం లేనట్టేనని విచారణ కమిటీ చెప్పింది, అయినా పోయిన నమ్మకం పోయింది. టీకా మంచిదే, 9 నుంచి 14 ఏళ్ల లోపు వేయిస్తే బాగా పనిచేస్తుంది, నేను మా ఇంట్లో పిల్లకి వేయించాను. కానీ కూర్చోబెట్టి చెప్పి, అడిగి వెయ్యండి అక్కయ్యలూ.

ఇప్పుడు ఆ పదిహేనేళ్ల మాట. అంత టైం ఉన్న రోగానికి మనవాళ్లు చావడమేంటి? 30 దాటిన ఆడవాళ్లు అయిదేళ్లకోసారి టెస్టు చేయించుకోవాలి. నర్సమ్మ లోపల చూడ్డానికి స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, వెనిగర్ లో ఉండే ఆసిడ్ నే పల్చగా దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తుంది. తేడా ఉన్న చోట తెల్లగా తేలుతుంది. అది క్యాన్సరేనని కాదు, ఇంకా చూడాలని. అవసరమైతే ఆ మచ్చనే గడ్డకట్టేంత చల్లబరిచి తీసేస్తారు, గర్భసంచి తియ్యక్కర్లేదు. ముంబైలో టాటా ఆసుపత్రి వాళ్లు హెల్త్ వర్కర్లతో రెండేళ్లకోసారి ఈ టెస్టు చేయించిన బస్తీల్లో ఈ క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి.

పిల్లలూ, ఇవాళ ఇంటికెళ్లి అమ్మని అడగండి, ఎప్పుడైనా చేయించుకున్నావా అని. నాయనమ్మని కూడా అడగండి, ముట్లు ఆగాక మళ్లీ ఏమైనా కనపడిందా అని. ఇక ప్రశ్నలు, మైకులో అడగలేకపోతే చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు, అన్నీ చదివి జవాబు చెప్పాకే వెళ్తాను.