కదలని నీడ, అట్టపెట్టె గుడి

శ్రోతలందరికీ నమస్కారం.

నల్లగొండ పక్కనే పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కుందూరు చోడుల కాలం నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్లున్న గుడి. అందులో ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద, పగలంతా స్తంభం నీడ కనిపిస్తుంది. పొద్దు తూర్పు నుంచి పడమరకు వాలినా నీడ మాత్రం జరగదు. పిల్లలను తీసుకెళ్తాం, "వింత చూశారా" అంటాం, ఫొటో దిగి వచ్చేస్తాం. అంతటితో ఆపేయడం నాకు నచ్చదు.

ఆ గుడిని పిల్లల చేత అట్టపెట్టెలో కట్టించండి. చెప్పుల డబ్బా చాలు. ఒక చివర సన్నటి వాకిలి కోసి, ఎదురు గోడకు తెల్ల కాగితం అంటించాలి. నడుమ ఒక స్తంభం. దాన్ని బంకమట్టితో పిల్లలే చెయ్యాలి, ఇష్టమైన చెక్కడాలు పెట్టుకోనివ్వాలి. గది తలుపులేసి, డబ్బా వాకిలికి ఎదురుగా ఫోన్ టార్చ్ పట్టండి. టార్చ్ జరిగితే నీడా జరుగుతుంది. ఇప్పుడు వాకిలికి నూనె రాసిన తెల్ల కాగితం అడ్డం పెట్టండి. టార్చ్‌ను అటూ ఇటూ తిప్పినా నీడ దాదాపు ఉన్నచోటే ఉంటుంది! వెలుగు కాగితంలో చెదిరిపోయి లోపలికి వస్తోంది కాబట్టి, ఇక దీపం టార్చ్ కాదు, వాకిలే. గుడిలోనూ అంతే. నేరుగా ఎండ పడదు, బయట చెదిరిన వెలుగు సందుల్లోంచి వస్తుంది. ఆ సందులు కదలవు కదా.

స్తంభాన్ని గోడకు దగ్గరగా జరిపితే ఏమవుతుందో, సన్నం చేస్తే నీడ ఎందుకు పలచబడుతుందో ముందే చెప్పేయకండి. మట్టి పిసికే చేతికి తెలిసిపోతుంది. అంగట్లో కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతంతో సైన్స్ ఫెయిర్ గెలిచే పిల్లలకు ఆ సుఖం దొరకదు.

పాలమూరు వాళ్లకు పానగల్లు దూరమైతే ఎండ గడియారం చేసుకోవచ్చు. మన రెండు ఊళ్ల అక్షాంశం సుమారు 17 డిగ్రీలే. పలకను నేల మీద సమంగా పరిచి, పుల్లను అంత కోణంలో ఉత్తరానికి ఎత్తి నిలపాలి. గంట గంటకూ నీడ మీద గీత గీసి, అంకెలకు రంగులు వేయించండి. ఫోన్‌ను పక్కన నిలబెట్టి టైమ్‌ల్యాప్స్ తీస్తే రోజంతా నిమిషంలో చూడొచ్చు.

ఇంకో మాట. నిటారుగా నిలిపిన కర్రకు మిట్టమధ్యాహ్నం నీడే లేని రోజులు మనకు ఏడాదికి రెండు వస్తాయి. మే నెలలో వచ్చేదానికి బడి ఉండదు. ఆగస్టు మొదటి వారంలో వచ్చేదానికి బడి ఉంటుంది, మబ్బులు లేకుంటే చాలు.