ఒకే ఒక్క కారు: చేత్తో గీసి, చేత్తో కట్టడం

[దృశ్యం: విజయవాడ ఆటోనగర్, పొద్దున. షట్టర్లు లేస్తున్నాయి. రేకు మీద సుత్తి దెబ్బలు.]

నమస్కారం అండీ. ఈ చప్పుడు మన ఆటోనగర్‌ది. లారీకి బాడీ కట్టాలన్నా, నుజ్జయిన డోర్‌ని మళ్ళీ డోర్‌లా చెయ్యాలన్నా ఇక్కడికే వస్తారు. ఇదే చేతిపనితో, ప్రపంచంలో ఒక్కటే ఉండే ఒక వేగమైన కారును మొదటి నుంచీ కట్టాలంటే ఏం చెయ్యాలో ఇవాళ చూద్దాం.

అందరూ ముందు అడిగేది "ఎన్ని హార్స్‌పవర్?" అని. నేనైతే ముందు బరువు అడుగుతాను. 1957లో ఇంగ్లండ్‌లో లోటస్ కంపెనీ స్థాపకుడు కాలిన్ చాప్మన్ తెచ్చిన లోటస్ సెవెన్ కారులో ఉన్నది 1,172 సీసీ ఫోర్డ్ ఇంజిన్, సుమారు 40 హార్స్‌పవర్. బరువు మాత్రం 500 కిలోల లోపే. ఆ తేలికదనమే దాని బలం. బరువు తగ్గితే బ్రేకు, టైరు, మలుపు అన్నీ బాగుపడతాయి. పవర్ పెంచితే బాగుపడేది పరుగు ఒక్కటే.

[దృశ్యం: నాలుగు గొట్టాలతో చేసిన చతురస్రం. చేత్తో నెట్టగానే పక్కకు ఒరుగుతుంది.]

ఇప్పుడు ఫ్రేమ్. పాత నులక మంచం ఒక మూల పట్టుకుని నెడితే ఎలా ఒరుగుతుందో చూశారుగా? నాలుగు మూలల చట్రం గుణమే అంత. పొలం గేటుకు ఐమూలగా ఒక పట్టీ కొడితే ఇక కదలదు, ఎందుకంటే అక్కడ రెండు త్రిభుజాలు ఏర్పడ్డాయి. రేసు కారు గొట్టాల ఫ్రేమ్ మొత్తం ఈ సూత్రం మీదే నిలబడుతుంది. ఫ్రేమ్ మెలి తిరిగితే, ఎంత ఖరీదైన సస్పెన్షన్ పెట్టినా దండగే.

గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ చదివే రోజుల్లో మా టీం మొదటి ఫ్రేమ్ కట్టింది. ఎడమ పక్క వెల్డింగ్ అంతా ముందే పూర్తి చేసి, తర్వాత కుడి పక్కకు వెళ్ళాం. వెల్డింగ్ చల్లారేటప్పుడు లోహం ముడుచుకుంటుంది. తెల్లారి కొలిస్తే ఫ్రేమ్ ఎడమకు 6 మిల్లీమీటర్లు లాగేసింది. కోసి మళ్ళీ చెయ్యాల్సి వచ్చింది. ముందు అన్నిచోట్లా చుక్కలుగా టాక్ వేసి, తర్వాత ఇటొకటి అటొకటిగా పూర్తి చెయ్యాలని అప్పుడు తెలిసింది.

[దృశ్యం: చెక్క అచ్చు మీద అల్యూమినియం రేకు. పక్కన ఇసుక మూట, చెక్క సుత్తి.]

నాకు బాగా ఇష్టమైన భాగం బాడీ. ముందు చెక్క పలకలతో కారు ఆకారంలో ఒక అచ్చు కడతారు. రేకును ఇసుక మూట మీద పెట్టి చెక్క సుత్తితో కొడతారు, తర్వాత రెండు చక్రాల మధ్య నొక్కుతూ ముందుకూ వెనక్కూ నడుపుతారు. మధ్యలో రేకు సాగి ఉబ్బుతుంది. కంచరి బిందెకు వంపు తెచ్చినట్టే. కొట్టేకొద్దీ రేకు గట్టిపడి చిట్లుతుంది కాబట్టి, మధ్యమధ్య వేడి చేసి మెత్తబరచాలి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇనుము వేడెక్కితే ఎర్రబడుతుంది, చూస్తే తెలిసిపోతుంది. అల్యూమినియం రంగు మారదు. అలాగే ఉండి, 660 డిగ్రీల దగ్గర ఉన్నట్టుండి కరిగి కారిపోతుంది. అందుకే రేకు మీద సబ్బు రుద్దుతారు. మంట తగిలి సబ్బు నల్లబడగానే ఆపెయ్యాలి. అంతే, రేకు మెత్తబడినట్టే. మీటర్ లేకుండా వేడి కొలిచే ఈ పద్ధతి చూసిన ప్రతిసారీ ఆ పని కనిపెట్టినవాళ్ళకు దండం పెట్టాలనిపిస్తుంది.

బాడీ అందం కోసమే కాదు. వేగం 60 నుంచి 120కి పెరిగితే గాలి ఆపే బలం 4 రెట్లవుతుంది, దాన్ని తోసుకుపోవడానికి కావాల్సిన పవర్ 8 రెట్లు.

[దృశ్యం: నాలుగు చక్రాల కింద నాలుగు తూకం పలకలు.]

చివర్లో తూకం. మళ్ళీ మంచం దగ్గరికే వద్దాం. ఒక కోడు పొట్టిదైతే బరువంతా ఐమూలగా ఉన్న రెండు కోళ్ళ మీదే పడుతుంది. కారూ అంతే. డ్రైవర్‌ని కూర్చోబెట్టి ముందు ఎడమ, వెనక కుడి చక్రాల బరువు కలిపితే మొత్తంలో సగం రావాలి. రాకపోతే స్ప్రింగ్ ఆనుకుని ఉండే మరల కప్పును కొద్దిగా తిప్పి సరిచేస్తారు. లేదంటే కారు ఎడమకు ఒకలా, కుడికి ఇంకోలా తిరుగుతుంది.

ఈ కారుతో బెంజి సర్కిల్‌కి వెళ్ళొచ్చా? వెళ్ళకూడదండీ. కొత్తగా కట్టిన బండి రోడ్డెక్కాలంటే పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఆమోదించాలి. ఉన్న కారునే మార్చుదామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. 2019 సవరణ తర్వాత చట్టవిరుద్ధమైన ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ.

కాబట్టి ఈ కారు లారీ ఎక్కి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి వెళ్తుంది. ఎక్కించే ముందు బిగించిన ప్రతి నట్టు మీదుగా పెయింట్‌తో ఒక గీత గీస్తారు. అక్కడ దించాక మొదటి పని ఇంజిన్ స్టార్ట్ చెయ్యడం కాదు. టార్చి పట్టుకుని కారు కిందికి దూరి, నట్టు వదులై ఆ గీతలు ఎక్కడైనా తప్పాయేమో ఒక్కొక్కటీ చూడటం.