చోటు తక్కువ, మొలకలు ఎక్కువ: ఈ ఏడాది నా ఐరిస్ సీడ్లింగ్స్ రివ్యూ

అందరికీ నమస్కారం. మీకు కనిపిస్తున్న ఈ మడి మూడు మీటర్ల పొడవు, 120 సెంటీమీటర్ల వెడల్పు. ఐరిస్ పూల సీడ్లింగ్స్, అంటే గింజ నుంచి పెంచిన మొక్కల కోసం నాకున్న చోటంతా ఇదే. 20 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పెడితే 90 మొక్కలు పడతాయి. ఒక్క కాయలోనే 30, 40 గింజలు రావచ్చు కాబట్టి రెండు మూడు క్రాసులకే, అంటే రెండు మొక్కలను కలిపి గింజ కట్టించడాలకే, మడి నిండిపోతుంది. అందుకే ఈ వీడియోలో ఏ పువ్వు బాగుందన్న దానికంటే, ఏ మొక్కను తీసేయాలన్న దాని గురించే ఎక్కువ మాట్లాడతాను.

క్రాస్ చేయడం తేలికే. పట్టకారుతో ఒక పువ్వు పుప్పొడి తెచ్చి, ఇంకో పువ్వులో కీలాగ్రం మీద, అదిగో ఆ సన్నటి పెదవిలాంటి అంచు మీద రాస్తే చాలు. సుమారు రెండు నెలలకు కాయ ముదురుతుంది. గింజలకు కొన్ని వారాలు చలి తగలాలి. మొలిచాక పువ్వు చూడటానికి మరో ఏడాదో, రెండేళ్లో ఆగాలి.

చోటు తక్కువగా ఉన్నవాళ్లు పది రకాల క్రాసులు చేసి ఒక్కోదానికి తొమ్మిదేసి మొక్కలు పెట్టొద్దని నా గట్టి సలహా. పొడవు రకం బియర్డెడ్ ఐరిస్‌లలో, అంటే వాలిన రేకుల మీద గడ్డంలాంటి నూగు ఉండే ఐరిస్‌లలో, క్రోమోజోములు నాలుగు సెట్లు ఉంటాయి, అంటే ఒక్కో జన్యువుకు నాలుగు కాపీలు. గులాబీ రంగు తెచ్చే జన్యువు లాంటివి నాలుగు కాపీలూ కలిస్తేనే బయటపడతాయి. తల్లిలో రెండు, తండ్రిలో రెండు కాపీలు ఉన్నాయనుకోండి, లెక్క ప్రకారం 36 మొక్కల్లో ఒకదానికి ఆ రంగు వస్తుంది. తొమ్మిది మొక్కల్లో అది కనిపించకపోతే క్రాస్ మంచిది కాదనుకుని వదిలేస్తాం. అందుకే నేను చేసిన క్రాసుల్లో రెండింటినే ఎంచుకుని, వాటి మొక్కలు ఎక్కువ పెట్టాను.

ఇక మొక్కల దగ్గరికి వద్దాం. ఇది 22-03-ఎ. అంటే 2022లో చేసిన మూడో క్రాస్, అందులో ఎ మొక్క. రంగు చూడండి, కిందికి వాలిన రేకులు ముదురు ఊదా, అంచంతా వెన్నలాంటి తెలుపు. చూసిన ప్రతి ఒక్కరూ ఇక్కడే ఆగిపోతున్నారు. కానీ కాడ చూడండి. నాలుగే మొగ్గలు, అన్నీ పైనే గుంపుగా ఉన్నాయి. రెండు పువ్వులు ఒకేసారి విచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. నిరుడు మొదటిసారి పూసినప్పుడు ఇలాగే ఉంటే, లేత మొక్క కదా అని వదిలేశాను. రెండో ఏడాదీ ఇంతే. మనసు ఒప్పుకోవడం లేదు, అయినా తీసేస్తున్నాను.

దాని పక్కనే ఉన్న ఎఫ్ మొక్క మామూలు లేత పసుపు. ఎవరూ పట్టించుకోరు. కానీ మూడు కొమ్మలు, ఎనిమిది మొగ్గలు, ఆకు మీద ఒక్క మచ్చ లేదు. మొన్నటి వానలో పక్కవన్నీ నలిగిపోయినా దీని రేకులు నిలబడ్డాయి. రేకు పట్టుకుంటే మందంగా తగులుతుంది. దుంప చుట్టూ ఐదు పిలకలు కూడా వచ్చాయి. నా దృష్టిలో ఈ ఏడాది మడిలో ఇదే మొదటిది.

22-05-డి గురించి ఎక్కువ చెప్పను. దుంప మీద బొటనవేలితో నొక్కగానే మెత్తగా దిగిపోయింది, వాసన కూడా వచ్చింది. కుళ్ళు తెగులు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అనుకున్నాను, కానీ అవే నీళ్ళు తాగిన చుట్టుపక్కల మొక్కలు గట్టిగా ఉన్నాయి. కాబట్టి బలహీనత మొక్కదే.

ఇంకా చిన్న చోటైతే స్టాండర్డ్ డ్వార్ఫ్ అనే పొట్టి ఐరిస్ రకాలు చూడండి. 20 నుంచి 41 సెంటీమీటర్ల ఎత్తే, దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు. ఏ రకమైనా ట్యాగులు పోతాయి కాబట్టి మడి మ్యాపు కాగితం మీద గీసి పెట్టుకోండి. నాకు ఒకసారి ఒక వరుస మొత్తం పేరు తెలియకుండా పోయింది.

సరే, ఎ మొక్కను తవ్వేస్తున్నాను. దాని పుప్పొడి నిన్ననే ఎఫ్ పువ్వు మీద రాసి, కాడకు ఈ ఎర్ర దారం కట్టాను. ఆ రంగు ఈ కాడ మీదికి వస్తుందేమో చూడాలి. ఖాళీ అయిన గుంటలోకి ఈ చిన్న నారు, 24-01 వెళ్తుంది. దీనికీ తల్లి ఎఫ్ మొక్కే.