ఆ ఇంట్లో ఎవరిని అడిగారు?

శ్రోతలకు నమస్కారం.

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే మన దగ్గర పలకరింపులు మారిపోతాయి. టీ కొట్టు దగ్గరైనా, బస్సులో పక్క సీటులోనైనా, పెళ్ళి భోజనాల బంతిలోనైనా ఒకటే మాట. "ఎవరొస్తారంటావ్?" వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "మొన్నటి సర్వేలో ఏమొచ్చిందో తెలుసా?" అక్కడినుంచి ఇక వాదనే. ఆ అంకెలు ఎవరినడిగి తెచ్చారు, ఏ వాడలో తిరిగారు, ఎవరి గుమ్మం ముందు నిలబడ్డారు అని మాత్రం ఎవరూ అడగరు. ఈరోజు ఆ గుమ్మం గురించి మాట్లాడతాను.

చదువైపోయి ఉద్యోగం కోసం చూస్తున్న రోజుల్లో, 1990ల చివర్లో, కొన్నాళ్ళు నేను సర్వే పని చేశాను. రోజుకింత అని డబ్బులు, బస్సు ఛార్జీలు వేరే. అలా ఒకసారి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు ఒక ఊరికి వెళ్ళాను. చేతిలో ఓటర్ల జాబితాలోంచి తీసిన పాతిక పేర్లు. భుజానికి సంచి, సంచిలో ప్రశ్నల కాగితాలు, ఒక చిన్న అట్టపెట్టె. ఎండ మాడిపోతోంది. తొమ్మిదో పేరు ఒక ఆడమనిషిది. ఇంటికి వెళితే వేపచెట్టు కింద మంచం మీద ఆమె భర్త ఉన్నాడు.

"ఆమె కంది చేనుకెళ్ళింది. ఆమెకేం తెలుసు? రాసుకునేదేదో నన్నడిగి రాసుకో" అన్నాడు.

ఆ పనిలో మాకు నేర్పిన మొదటి నియమం ఇదే. జాబితాలో ఎవరి పేరుంటే వాళ్ళనే అడగాలి. భర్త, కొడుకు, పక్కింటి పెద్దమనిషి ఎవరూ పనికిరారు. మనిషి లేకపోతే మళ్ళీ రావాలి. ఇంకా పదహారు పేర్లు మిగిలున్నాయి, సాయంత్రం ఒకే బస్సు. ఆయన్నే అడిగేసి వెళ్ళిపోదామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. చివరికి ఉండిపోయాను. గంట తర్వాత ఆమె నెత్తిన గడ్డిమోపుతో వచ్చింది. మోపు దించి, కాళ్ళు కడుక్కుని, గడప మీద కూర్చుంది. ఓటు గురించి అడిగే చోటికి వచ్చేసరికి నేను గుర్తులున్న కాగితం ఆమె చేతికిచ్చి, పెట్టె ముందు పెట్టాను. ఎవరికి వేశారో నోటితో చెప్పక్కర్లేదు, ఈ కాగితం మీద గుర్తు పెట్టి ఇందులో వేయమ్మా అన్నాను. ఆమె భర్త వైపు చూసి, "నువ్వు కాసేపు అటెళ్ళు" అంది. ఆయన లేచి వెళ్ళాడు. ఆమె గోడ వైపు తిరిగి గుర్తు పెట్టి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెట్టెలో వేసింది. వేశాక పెట్టెను ఒకసారి ఊపి చూసింది.

ఇన్నేళ్ళయినా ఆ ఊపి చూడటం నా కళ్ళముందే ఉంది. ఆ ఒక్క కాగితం కోసమే ఈ సర్వే పద్ధతంతా పుట్టింది.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి గిన్నెడన్నం తినక్కర్లేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. సర్వే కూడా అంతే. అయితే పెళ్ళిళ్ళలో పెద్ద గుండిగతో వంట చేసేవాళ్ళని గమనించండి. పైనున్న మెతుకు పట్టుకుని చూసి గుండిగ దించేయరు. గరిటె అడుగుదాకా పోనిచ్చి, ఒకసారి కలిపి, అప్పుడు చూస్తారు. ఎందుకంటే పైన పలుకుగా ఉన్నప్పుడే అడుగున మాడిపోతూ ఉండొచ్చు. ఇంటి దగ్గర దొరికిన మగవాళ్ళని, రోడ్డు పక్క కొట్లవాళ్ళని, రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళని అడిగి వచ్చేయడమంటే పైమెతుకు పట్టి చూడటమే. చేనుకెళ్ళిన మనిషి కోసం ఆగితేనే గరిటె అడుగుకి చేరినట్టు.

ఈ సంగతి అమెరికావాళ్ళు 1936లో గట్టిదెబ్బ తిని నేర్చుకున్నారు. అప్పటి అధ్యక్ష ఎన్నికల్లో ఒక పెద్ద పత్రిక, లిటరరీ డైజెస్ట్, దాదాపు కోటి మందికి ఉత్తరాలు పంపింది. 20 లక్షలకు పైగా జవాబులు తిరిగొచ్చాయి. అవన్నీ లెక్కపెట్టి రూజ్వెల్ట్ ఓడిపోతున్నాడని రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్వెల్టే గెలిచాడు. ఆ పత్రిక ఉత్తరాలు పంపిన చిరునామాలు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల నుంచి, కార్లున్నవాళ్ళ జాబితాల నుంచి తీసినవి. ఆర్థిక మాంద్యంలో కొట్టుకుపోతున్న దేశంలో ఫోనూ కారూ ఉన్నవాళ్ళెవరు? పైగా తీరిక చేసుకుని జవాబు రాసి పంపినవాళ్ళెవరు? అదే ఎన్నికల్లో జార్జ్ గాలప్ అనే ఆయన అంతకంటే ఎన్నో రెట్లు తక్కువమందిని, అన్ని రకాలవాళ్ళూ ఉండేలా చూసి అడిగి, గెలిచేది రూజ్వెల్టేనని చెప్పాడు.

ఎంతమందిని అడిగారన్నది మనం అనుకున్నంత పెద్ద విషయం కాదు. అందరికీ సమానంగా అవకాశం ఉండేలా, చీటీలు తీసినట్టు ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే, వచ్చే అంకె అసలు అంకెకి అటూ ఇటూ మూడు శాతం లోపల ఉంటుంది. నూటికి 95 సార్లు అలా జరుగుతుంది. వెయ్యిమందిని నాలుగు వేలమందిని చేస్తే ఆ తేడా సగానికి తగ్గుతుంది, అంతే. అడిగేది ఒక జిల్లానైనా దేశం మొత్తాన్నైనా లెక్క ఇంచుమించు ఇదే. కాబట్టి "మేం ఐదు లక్షల శాంపిల్ తీశాం" అని ఎవరైనా గొప్పగా చెబితే పొంగిపోకండి. ఎలా తీశారో అడగండి. ఇలా కొద్దిమందిని ఎంచుకుని అడిగే నమూనా శాస్త్రంలో మన దేశం ఎవరికీ తీసిపోలేదు కూడా. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ కలకత్తాలో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి, మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకుని వెళ్ళిన సి.ఆర్. రావు గారు ప్రపంచంలోనే పేరుమోసిన గణాంక శాస్త్రవేత్త అయ్యారు.

మరి ఇంత శాస్త్రం ఉండి, సర్వేలు ఇలా తలకిందులవుతాయేం? న్యాయమైన ప్రశ్నే. 2004లో కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వమే మళ్ళీ ముందుంటుందని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. ఆ ప్రభుత్వం ఓడిపోయింది. 2024లో ఎన్డీయేకి 350 పైన, కొందరైతే 400 దాకా వస్తాయన్నారు. వచ్చినవి 293. మన దగ్గర 2018లో తెలంగాణలో, 2019లో ఆంధ్రలో బాగా పేరున్న ఒక సర్వేని నమ్మి పందేలు కాసి పోగొట్టుకున్నవాళ్ళ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

ఇందులో ఓట్లని సీట్లుగా మార్చే చోట పెద్ద చిక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఓడిపోయిన తెలుగుదేశానికి వచ్చిన ఓట్లు 39 శాతం, సీట్లు 23. 2024లో ఓడిపోయిన వైఎస్సార్ కాంగ్రెస్‌కీ వచ్చింది 39 శాతమే, సీట్లు మాత్రం 11. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కీ, బీఆర్‌ఎస్‌కీ మధ్య ఓట్ల తేడా సుమారు రెండు శాతం. సీట్లు ఒకరికి 64, ఇంకొకరికి 39. సర్వే శాస్త్రం మూడు శాతం తప్పు రావచ్చని ముందే చెబుతోంది. అసలు ఫలితమే రెండు శాతం మీద తేలుతున్నప్పుడు సీట్లు ఇన్ని అని ఖాయంగా ఎవరు చెప్పగలరు? అయినా టీవీవాళ్ళకి కావలసింది సీట్లే. ఓట్ల శాతం చెబితే చర్చ రక్తికట్టదు మరి.

రెండో చిక్కు భయం. ఇది నాకు బాగా తెలుసు. కొత్తమనిషి గుమ్మం ముందుకొచ్చి, పేరు రాసుకుని, ఎవరికి ఓటేస్తావంటే ఎవరైనా ఏం చెబుతారు? ఊళ్ళో బలంగా ఉన్న పార్టీ పేరు చెప్పి తలుపేసుకుంటారు. పింఛను ఆగిపోతుందేమో, ఇంటి స్థలం జాబితాలో పేరు పోతుందేమోనని టెన్షన్. ఇప్పుడు ఫోన్ సర్వేలొచ్చాయి. "ఫలానావారికి అయితే ఒకటి నొక్కండి, ఫలానావారికి అయితే రెండు నొక్కండి." నంబరు వాళ్ళ దగ్గరుంది, మనం నొక్కింది రికార్డయిపోతుంది. ఆ గొంతు ఎవరిదో తెలియదు. నాలుగు మడతల కాగితంలో ఉన్న ధీమా ఆ ఫోన్లో ఎక్కడినుంచి వస్తుంది?

ఇలా తప్పుతున్నాయి కాబట్టి సర్వేలు అనవసరమనే పెద్దలున్నారు. పూర్తిగా నిషేధించాలన్న మాట 2013లో గట్టిగానే వినపడింది. నేను ఒప్పుకోను. ఎవరు గెలుస్తారన్నది ఫలితాల రోజు ఎలాగూ తెలుస్తుంది. జనం ఎందుకలా ఓటేశారో మాత్రం సర్వే లేకపోతే ఎప్పటికీ తెలియదు. ఓటు యంత్రం మీద బటన్ ఉంటుంది కానీ కారణం రాసే చోటు ఉండదు కదా. ఓడినవాడు డబ్బు పంచారంటాడు, గెలిచినవాడు నా పాలన మెచ్చారంటాడు. ఓటరు మాట ఎవరు చెప్పాలి?

1963లో రజనీ కొఠారి ఢిల్లీలో సీఎస్‌డీఎస్ అనే పరిశోధన సంస్థ పెట్టారు. 1967 ఎన్నికల నుంచి వాళ్ళు దేశమంతటా ఓటర్లని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి: "మీ ఓటు వల్ల ఈ దేశం నడిచే తీరు మారుతుందని మీరనుకుంటున్నారా?" 1971లో మారుతుందన్నవాళ్ళు దాదాపు సగం. 1996కి వచ్చేసరికి పదిమందిలో ఇంచుమించు ఆరుగురు ఆ మాటన్నారు. మరో సంగతి కూడా 1990ల సర్వేల్లోనే గట్టిగా బయటపడింది. మన దేశంలో పేదవాళ్ళు, దళితులు ఓటు వేయడంలో కలిగినవాళ్ళకి ఏమాత్రం తీసిపోరు, చాలాసార్లు వాళ్ళకంటే ముందుంటారు. చాలా దేశాల్లో ఇది తిరగబడి ఉంటుంది, ఉన్నవాళ్ళే ఎక్కువ వేస్తారు. "వాళ్ళకేం తెలుసు, ఎవరేమిస్తే వాళ్ళకేస్తారు" అని డ్రాయింగ్ రూముల్లో కూర్చుని తీసిపారేసే మాటకి ఆ సర్వేలు లెక్కలతో జవాబిచ్చాయి. వేపచెట్టు కింద నేను విన్న "ఆమెకేం తెలుసు" కూడా అలాంటి మాటే. సర్వే చేసినవాడు ఆ మాట విని వెనక్కి వచ్చేసి ఉంటే ఆ లెక్కలు మనకి దొరికేవే కావు.

ఇప్పుడు మన చట్టం సంగతి. పోలింగ్ మొదలైనప్పటినుంచి చివరి విడత పోలింగ్ ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్స్ బయటపెట్టకూడదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఎ సెక్షన్ అదే చెబుతుంది. తప్పితే రెండేళ్ళ దాకా జైలు. పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు మామూలు ఒపీనియన్ పోల్స్ కూడా టీవీల్లో చూపించకూడదు. ఇవన్నీ ఎప్పుడు చెప్పకూడదన్న నిబంధనలు. ఎలా చేశారో చెప్పి తీరాలన్న చట్టం మాత్రం రాలేదు. దాని అవసరాన్ని లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో చెప్పింది. బ్రిటన్‌లో సర్వే సంస్థలే 2004లో ఒక మండలిగా ఏర్పడి, సభ్యులందరూ తమ లెక్కల పట్టికలు జనం ముందు పెట్టాలని నియమం పెట్టుకున్నాయి. మనకి అలాంటిది కావాలి. డబ్బు ఎవరిచ్చారు, ఏ తేదీల్లో అడిగారు, ఎంతమందిని ఎలా ఎంచుకున్నారు, వాళ్ళలో ఆడవాళ్ళెంతమంది, అసలు ప్రశ్న ఏ మాటల్లో అడిగారు. ఈ నాలుగైదు సంగతులు చెప్పని సర్వే మీ వాట్సాప్‌కి వస్తే దయచేసి ఇంకొకరికి పంపకండి. టీవీ ఛానెల్ బొమ్మ అంటించి ఇంట్లో కూర్చుని తయారుచేసే సర్వేలు ప్రతి ఎన్నికల్లోనూ పుట్టుకొస్తున్నాయి.

ప్రశ్న ఏ మాటల్లో అడిగారని ఎందుకన్నానో చెబుతాను. ఆ కనిగిరి ఊళ్ళో ఆ అమ్మని చివరగా అడిగిన ప్రశ్న, "మీ ఊళ్ళో అన్నిటికంటే పెద్ద సమస్య ఏది?" నా కాగితం మీద జవాబులకి అంకెలు ముందే వేసి ఉన్నాయి. రోడ్లకొకటి, కరెంటుకొకటి, నీళ్ళకొకటి. ఆమె "నీళ్ళు" అంది. నేను ఆ అంకె చుట్టూ సున్నా చుట్టి, అన్నీ ఒకసారి చదివి వినిపించాను. నీళ్ళ సమస్య అని చదవగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్ళు కాదు బాబూ, మంచినీళ్ళు. నీళ్ళు బోరులో ఉన్నాయి. అవి తాగే మా అత్త నడుం వంగిపోయింది, మా పిల్లోడి పళ్ళు చూడు" అని పక్కనున్న పిల్లాడి పెదవి ఎత్తి చూపించింది. పళ్ళ మీద గోధుమరంగు చారలు. ఆ వైపు భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ.

మంచినీళ్ళకి నా కాగితంలో వేరే అంకె లేదు. పొలానికి నీళ్ళు లేకపోయినా, తాగడానికి లేకపోయినా అదే అంకె వేయాలి. ఎక్కడో ఢిల్లీలోనో, హైదరాబాదులోనో ప్రశ్నలు రాసినవాళ్ళకి ఆ తేడా తట్టలేదు. కాగితం పక్కన ఖాళీ జాగాలో పెన్నుతో "మంచినీళ్ళు, ఫ్లోరైడ్" అని రాశాను. ఆమెకి చదువు రాదు. అయినా వంగి ఆ అక్షరాల వైపు చూసి, "రాశావా?" అని అడిగింది. రాశానమ్మా అన్నాను. సాయంత్రం ఆ కాగితాన్ని విడిగా తీసి సూపర్‌వైజర్ చేతికిచ్చి, ఆ పక్కన రాసింది కూడా చదవండని చెప్పాను.

సెలవు. నమస్కారం.